బీడు విప్పే మాట

మా అపార్ట్‌మెంటు పక్కన ఒక ఖాళీ స్థలం ఉంది. పావురాలకు గింజలు చల్లే పుణ్యాత్ములకు మా వీధిలో కొదవ లేదు. అవి తినగా మిగిలిన జొన్నలు కిందటి నెల పడ్డ వానకు అక్కడ మొలిచాయి. ఆ తర్వాత చినుకు లేదు. మొన్న పొద్దున పాలప్యాకెట్ కోసం కిందికి దిగాను. మోకాలెత్తు కూడా లేని ఆ జొన్న మొక్కల వైపు వీధిలో తిరిగే ఆవొకటి తల వంచుకుని పోతోంది.

నాకు యాభై దాటి చాలా రోజులైంది. మోకాళ్లు మెట్లు దిగడానికే మొరాయిస్తాయి. అలాంటిదాన్ని, పాలప్యాకెట్ అక్కడే పడేసి, కాలి చెప్పు చేతిలోకి తీసుకుని, "హేయ్! హేయ్!" అని అరుస్తూ దాని వెంట పడ్డాను. అది వీధి మలుపు తిరిగేదాకా వదల్లేదు. తిరిగి వచ్చేసరికి బాల్కనీల్లో జనం నవ్వుతున్నారు.

"ఏందమ్మా, నోరు లేనిది. నాలుగు ఆకులు తింటే మనకేం పోయింది?" అన్నాడు వాచ్‌మన్.

"ఇది తింటే చచ్చిపోద్దయ్యా."

"పచ్చటి జొన్న తింటే చావడవేందమ్మా! ఎవరు చెప్పారు మీకు?"

"మా తాత" అన్నాను.

ఆ మాట అనేసి పైకి వచ్చి కూర్చున్నాను. మా తాత పేరు చెప్పి మళ్లీ ఒకసారి తప్పించుకున్నాను.

మా ఊరు అద్దంకికి అవతల. ఊరికి ఒకవైపు నల్లరేగడి, ఇంకోవైపు ఎర్ర గరప నేల, రెంటికీ మధ్య బీడు. అది ఎవరి సొంతమూ కాదు, ఊరందరిదీ. ఎన్ని ఎకరాలో నేనెప్పుడూ అడగలేదు. ఈ చివర నిలబడి చూస్తే ఆ చివర మేసేది ఆవో గేదో పోల్చుకోలేకపోయేవాళ్లం. గరిక, చెంగలి, నాకు పేరు తెలియని ఇంకో నాలుగు రకాల గడ్డి, మధ్యమధ్య తుమ్మచెట్లు. వాన పడ్డ మర్నాడు ఆ బీడు మీదుగా వచ్చే గాలికి ఒక వాసన ఉండేది. దాన్ని పట్టుకుని చెప్పడానికి నాకిప్పటికీ మాట దొరకలేదు. పచ్చి పాలు, తడిమట్టి, కొంచెం పేడ, అన్నీ కలిసిన వాసన అనుకోండి.

ఆరుద్ర కార్తె వానలు పడగానే బీడు కట్టేవాళ్లు. కట్టడమంటే కంచె వేయడం కాదు. అంత కంచె ఎవరి దగ్గరుంది? డొంక బీడులోకి తిరిగే చోట రెండు తుమ్మకంపలు అడ్డంగా పడేస్తారు, అంతే. ఆ రెండు కంపలు దాటి ఊళ్లో ఒక్క గొడ్డు కూడా పోయేది కాదు. అన్నాళ్లూ ఇంటి దగ్గరున్న ఎండు చొప్ప, చేలగట్ల మీది కలుపు, అవే మేత. గడ్డి పొట్టకొచ్చాక, అంటే వెన్ను తీయబోయే ముందు, ఒకరోజు ఊళ్లో టముకు వేయించి కంపలు లాగేసేవాళ్లు. దాన్ని బీడు విప్పడం అనేవాళ్లు. ఆ రోజు ఎప్పుడో చెప్పాల్సిన మనిషి మా తాత.

ఆ పని తాతకి ఎవరిచ్చారో తెలియదు. ఆయన సర్పంచి కాదు, మోతుబరి అంతకన్నా కాదు. ఎప్పుడో ఒక ఏడాది ఆయన వద్దన్నా తొందరపడి విప్పితే గడ్డంతా నాశనమైందట. అప్పట్నుంచీ ఆయన్ని అడక్కుండా ఎవరూ విప్పలేదని చెప్పేవాళ్లు. తాత రోజూ తెల్లవారగానే బీడుకి పోయి, ఒక గడ్డిపోచ పీకి, కణుపు దగ్గర విరిచి, నోట్లో పెట్టుకుని నమిలేవాడు. తర్వాత ఉమ్మేసి, "ఇంకా లేదు" అనేవాడు.

ఆయన ఇంటికి రాగానే మా నాయనమ్మ సిద్ధంగా ఉండేది.

"పొద్దున్నే గడ్డి మేసి వచ్చావుగా, ఇంక సంకటెందుకు నీకు?"

"నువ్వు చేసే సంకటి కంటే అదే నయం" అనేవాడు తాత. అంటూనే జొన్న సంకటి ముద్దలో గుంట చేసి గోంగూర పచ్చడి వేయించుకుని, పక్కన ఉల్లిపాయ పెట్టుకుని రెండో ముద్ద అడిగేవాడు. ఆ పచ్చడి కారానికి ఆయన బట్టతల మీద చెమట బొట్లు లేచేవి. నేను వాటిని లెక్కపెట్టి చెబుతుంటే నాయనమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది.

మా అమ్మా నాన్నా పొద్దున్నే చేలకి పోతే పొద్దుగూకాకే వచ్చేవాళ్లు. అందుకే నన్ను పెంచింది తాత, నాయనమ్మ, ఆ బీడు. తాత వెంట నేనూ వెళ్లేదాన్ని. ఆయన ఒక పోచ నాకూ ఇచ్చి నమలమనేవాడు. నాకు అన్నీ గడ్డిలాగే ఉండేవి.

"తొలినెల గడ్డి తనకోసం తను పెరుగుద్దే అమ్మాయ్. వేరు దించుకోవాల, పిలకలు పెట్టుకోవాల. అప్పుడు దాని జోలికి పోయావనుకో, గొడ్డు నోటితో వేరు కూడా లేచొస్తది. పొట్టకొచ్చిందా, అది మన గొడ్డుకోసం. వెన్ను తీసి గింజ రాలిందా, ఇంక ఎండుపుల్ల. పాక మీద కప్పుకోవడానికి పనికొచ్చుద్ది. మధ్యలో ఇరవై రోజులే. ఆ ఇరవై రోజులూ పట్టుకోవాల."

ఇలాంటివి చెప్పేటప్పుడు తాత చాలా నెమ్మదిగా చెప్పేవాడు. మాటకీ మాటకీ మధ్య దగ్గేవాడు, చుట్ట వెలిగించేవాడు, ఎటో చూసేవాడు. నాకు అంత ఓపిక ఉండేది కాదు. సగం వినేసరికి తుమ్మచెట్టు మీద జిగురు కనపడేది, లేదా నా జట్టు కేకేసేది. పరుగెత్తేదాన్ని. "ఆగవే, ఇంకా ఉంది" అని వెనక నుంచి తాత అంటూనే ఉండేవాడు.

నా జట్టంటే పక్కింటి పిల్ల. నా ఈడుదే, ఇద్దరం ఐదో తరగతి. నాకంటే లెక్కలు బాగా చేసేది. నేను దాని పలక చూసే రాసేదాన్ని, దానికి బదులు తుమ్మజిగురు సగం ఇచ్చేదాన్ని. తండ్రి పోయాడు. తల్లిని నేను అత్తా అని పిలిచేదాన్ని. ఆమె మా తాతని మామా అనేది. వాళ్లకున్నది ఊరి పక్కనే అరెకరం చేను, ఒక గేదె. ఆ ఏడు గేదె చూడితో ఉంది, ఇంకో నెలన్నరలో ఈనుతుంది.

ఆ గేదె ఈనడం మీదే మా ఇద్దరి భవిష్యత్తూ ఉండేది. ఆరో తరగతి చదవాలంటే మూడు మైళ్ల అవతల ఊళ్లో హైస్కూలుకి పోవాలి. "గేదె ఈని పాడి వస్తే నిన్ను పంపుతానే, లేకపోతే నాతో పాటు పత్తి చేలకే" అని అత్త కూతురికి చెప్పేసింది. మేమిద్దరం రోజూ ఆ గేదె పొట్ట మీద చెవి ఆనించి వినేవాళ్లం. దూడ పుడితే పేరేం పెట్టాలో పోట్లాడుకునేవాళ్లం. జున్ను పాలు మొదట మా ఇంటికే ఇస్తానని అత్త మాటిచ్చింది.

అంతలో వాన ముఖం చాటేసింది. ఆరుద్రలో పడిందే, పునర్వసు లేదు, పుష్యమి లేదు, ఆశ్లేష కూడా వట్టిదే. బీడులో గడ్డి జానెడు ఎదిగి అక్కడే నిలబడిపోయింది. కిందటేడు చొప్ప తక్కువ కావడంతో వాములు అప్పటికే అడుగంటాయి. మా ఆవుకీ పెయ్యకీ నాయనమ్మ పాక మీది పాత కప్పు గడ్డి లాగి వేసింది. గొడ్ల డొక్క ఎముకలు లెక్కపెట్టేలా కనిపించేవి. మధ్యాహ్నం వేళ కొట్టాల్లోంచి అరుపులు మొదలయ్యేవి. ఒకటి మొదలుపెడితే ఊరంతా అందుకునేది. ఆ అరుపులకి అన్నం సయించక చెయ్యి కడుక్కున్న పెద్దవాళ్లను చూశాను.

అత్త తన అరెకరంలో జొన్న చల్లింది. అది మోకాలెత్తు వచ్చి ఎండకు గిడసబారింది. ఆకులు గొట్టాల్లా చుట్టుకుపోయాయి. వాన సరిగ్గా ఉంటే జొన్నను మించిన మేత లేదు. కానీ అలా ఎండకు ఆగిపోయిన లేత జొన్నలో విషం పుడుతుంది. దాన్ని మా వైపు నాము అంటారు. నాము పట్టిన జొన్న తిన్న గొడ్డు కొట్టందాకా కూడా నడిచి రాదు. అందుకే కళ్ల ముందే మేత ఉన్నా అత్త గేదెను అందులోకి విప్పలేదు. మా తాత చూసి సరేనంటేనే.

సరిగ్గా అప్పుడే తాత మంచాన పడ్డాడు. చలిజ్వరం. రోజు విడిచి రోజు వణుకు పట్టుకునేది. నాలుగు దుప్పట్లు కప్పినా మంచం కోళ్లు కదిలేవి. కాస్త తెరిపిన పడ్డప్పుడు నన్ను పిలిచి, "బీడులో మూడు చోట్ల మూడు పోచలు పీక్కురా. అత్త చేలో జొన్న ఆకొకటి కోసుకురా" అనేవాడు. నేను తెచ్చి చేతికిచ్చేదాన్ని. ఆ జ్వరం నోటితోనే గడ్డి నమిలి చూసేవాడు. జొన్న ఆకును మాత్రం నోట్లో పెట్టుకోకుండా వెలుతురుకి పట్టి, మడిచి, వాసన చూసేవాడు.

"గడ్డి ఇంకా లేదు. జొన్న అసలే వద్దను. వాన పడాల. మంచి వాన పడి, ఆ తర్వాత..."

అప్పటికి నేను గడప దాటేదాన్ని. ఎందుకంటే వీధిలో నాకోసం జనం ఎదురుచూస్తుండేవాళ్లు. టీకొట్టు దగ్గర, బావి దగ్గర, మీసాలున్న మగవాళ్లు, ఎప్పుడూ నా వంక చూడనివాళ్లు, "ఏమన్నాడే మీ తాత?" అని ఆపి అడిగేవాళ్లు. నేను ఆగి, అటూ ఇటూ చూసి, తాతలాగే ఒకసారి దగ్గి, "ఇంకా లేదు" అనేదాన్ని. వాళ్లు తలలు ఊపి వెళ్లిపోయేవాళ్లు. పదకొండేళ్ల పిల్ల నోటి మాట మీద ఊరు ఆగేది. ఆ పది రోజులు నా కాళ్లు నేల మీద లేవు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. అప్పుడు మాత్రం ఎంత బాగుండేదో.

మఖ కార్తెలో ఒక సాయంత్రం జల్లు పడింది. వానంటే వాన కాదు, చూరు కింద నాయనమ్మ పెట్టిన బిందె సగం కూడా నిండలేదు. అయినా పిల్లలమంతా వీధిలో గెంతాం. మూడో రోజు పొద్దున వెళ్లి చూస్తే అత్త చేలో చుట్టుకున్న ఆకులు విచ్చుకున్నాయి. మొదళ్ల నుంచి కొత్త పిలకలు, లేతగా, పచ్చగా తోసుకొచ్చాయి. అన్ని రోజులూ ఎండిపోయిన రంగు చూసిన కళ్లకి ఆ పచ్చదనం ఎంత ముచ్చటగా ఉందో చెప్పలేను. ఒక ఆకు కోసుకుని ఇంటికి పరిగెత్తాను.

తాత నిద్రపోతున్నాడు. నోరు తెరుచుకుని, నుదుటి మీద తడిగుడ్డతో.

"లేపబాకే. ఇప్పుడే కన్ను మూతపడింది" అంది నాయనమ్మ.

ఆకు చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. అది ఆదివారం. అత్త పత్తి చేలో కలుపుకి పోతూ నెత్తిన అన్నం గిన్నెతో మా వాకిట్లో ఆగింది. వెనక నా జట్టు గేదె పలుపు పట్టుకుని ఉంది. గేదె మా గుమ్మం పక్క ఎండిన తోరణం మామిడాకులు అందుకోవడానికి మెడ చాస్తోంది.

"ఏమే, జొన్న సంగతి మీ తాతని అడిగావా? రాత్రి అసలు పడుకోలేదే ఇది. ఒకటే అరుపు. ఏమన్నాడు మామ?"

నేను చెప్పాల్సింది తేలికే. తాత నిద్రపోతున్నాడు, లేచాక అడుగుతా అనాలి. ఆ మాట అంటే ఆ రోజుకి నేను మామూలు పిల్లనైపోతాను. పైగా వాన పడాలనే కదా తాత అన్నది? పడింది. పచ్చగా అయింది. ఆయన లేచినా అనేది అదే. ఆయన కంటే నేను ఒక గంట ముందు అంటున్నాను, అంతేగా. నేను ఒకసారి దగ్గాను.

"మేపొచ్చన్నాడు అత్తా."

"అడిగే చెబుతున్నావా?"

"అడిగా."

అత్త ముఖం విప్పారింది. "నీ నోట్లో పంచదార పొయ్య" అని, కూతురితో, "పొట్టనిండా మేపు, నేను మధ్యాన్నం వస్తా" అని చెప్పి చకచకా వెళ్లిపోయింది.

మేమిద్దరం గేదెను తోలుకుని చేలోకి వెళ్లాం. అది అలా తినడం అంతకు ముందెప్పుడూ చూడలేదు. తల ఎత్తలేదు. పాత కాడలు వదిలేసి లేత పిలకలే ఏరి ఏరి కొరుకుతోంది. పరపరా చప్పుడు. మేం గట్టు మీద కూర్చుని దూడ పేరు గురించి మళ్లీ మొదలుపెట్టాం. పెయ్యదూడైతే నేను చెప్పిన పేరు, దున్నపోతైతే తను చెప్పిన పేరు అని ఒప్పందానికి వచ్చాం.

గేదె తినడం ఆపింది. నాలుగు కాళ్లూ ఎడంగా పెట్టి నిలబడి తల పైకెత్తింది. గాలి అందనట్టు నోరు తెరిచింది. నురగ కారింది. నా జట్టు లేచి దాని దగ్గరికి వెళ్లి, "ఏమైందే, ఏమైంది?" అని మెడ నిమిరింది. ముందు కాళ్లు మడతపడ్డాయి, తర్వాత పక్కకి ఒరిగింది. ఆ పిల్ల పలుపు వదల్లేదు. గట్టిగా పట్టి పైకి లాగుతూ, "లేవే, లేవే" అంటోంది. నేను ఊరి వైపు పరిగెత్తాను.

జనం వచ్చారు. ఎవరో బెల్లం నీళ్లు తెచ్చారు, ఎవరో మజ్జిగ తెచ్చారు. వెదురు గొట్టంతో నోట్లో పోస్తే అంతా పక్క నుంచి కారిపోయింది. నేను ఊళ్లోంచి తిరిగొచ్చేసరికే గేదె కళ్లు నిలిచిపోయాయి. కానీ పొట్ట కదులుతోంది. లోపల దూడ తన్నుతున్నట్టు ఇక్కడొకసారి, అక్కడొకసారి చర్మం లేస్తోంది. అందరూ చూస్తున్నారు, ఎవరూ ఏమీ చేయలేకపోయారు. కొంచెంసేపటికి అది కూడా ఆగింది.

అత్త పత్తి చేలోంచి పరిగెత్తుకుని వచ్చింది. చేతినిండా మట్టి. గేదె మీద పడి గుండెలు బాదుకుంది. తలెత్తి చుట్టూ చూస్తూ, "పెద్దాయన మేపొచ్చన్నాడు! ఆయన చెబితేనేగా నేను విప్పించింది!" అని అరిచింది. అందరి తలలూ డొంక వైపు తిరిగాయి. దుప్పటి కప్పుకుని, ఒక చేత కర్ర, ఇంకో చేత నాయనమ్మ భుజం పట్టుకుని తాత వస్తున్నాడు.

వచ్చి గేదె నోటి దగ్గర వంగాడు. పళ్ల మధ్య చిక్కుకున్న పిలకను లాగి చూశాడు. చేలో ఒక మొదలు పెకలించి చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నేను ఆ చూపు తప్పించి నేల చూశాను. గట్టు మీద మేం ఏరి పెట్టుకున్న తుమ్మజిగురు ముక్కలకి చీమలు పట్టాయి. అవి ఇప్పటికీ కనపడతాయి నాకు.

"మామా, నువ్వు అన్నావా అనలేదా?" అంది అత్త.

నాయనమ్మ నోరు తెరవబోయింది. నేను ఆకు తెచ్చినప్పుడు ఆయన నిద్రలోనే ఉన్నాడని ఆమెకి తెలుసు. తాత ఆమె భుజం గట్టిగా నొక్కాడు.

"అన్నానమ్మా. జ్వరంలో ఉన్నా. తెలవక అన్నా."

నేనప్పుడు చెప్పి ఉండాల్సింది. నోరు పెగల్లేదని అంటే అబద్ధం. నోరు బాగానే ఉంది. భయం వేసింది, ఆ వెంటనే హమ్మయ్య అనిపించింది. ఆ హమ్మయ్యను నేను క్షమించుకోలేను.

మర్నాడు వణుకుతూనే లేచి తాత మా పెయ్యను తోలుకెళ్లి అత్త కొట్టంలో కట్టేసి వచ్చాడు. అది పాడికి రావాలంటే ఇంకా రెండేళ్లు పడుతుంది. అత్త కాదనలేదు. వేసవి సెలవులు అయిపోయాక నేను హైస్కూలుకి వెళ్లాను. నా జట్టు వెళ్లలేదు. పత్తి తీతకి వెళ్లింది. సాయంత్రాలు ఎదురుపడేవాళ్లం. దాని వేళ్లు పత్తికాయ ముళ్లకు చీరుకుపోయి ఉండేవి, బట్టలు పురుగుమందు వాసన వేసేవి. "ఈ రోజు లెక్కల్లో ఏం చెప్పారే?" అని అడిగేది మొదట్లో. తర్వాత అడగడం మానేసింది.

కానీ అంతకంటే ముందే ఇంకొకటి జరిగింది. గేదె చచ్చిన పది రోజులకి బీడులోకి ఎవరో ఒక ఎడ్ల జతని తోలారు. గడ్డి అప్పుడప్పుడే పిలకలు పెడుతోంది. తాత కర్ర పట్టుకుని వెళ్లి అడ్డం నిలబడ్డాడు.

"ఇంకా లేదురా! పది రోజులాగండి. వేరు చచ్చిపోద్ది!"

"నీకు జ్వరం తగ్గిందా పెద్దాయనా?" అన్నాడు ఎవడో. కొందరు నవ్వారు. కొందరు నవ్వలేదు కానీ గొడ్లను ఆపలేదు. అవి ఆకలితో ఉన్నాయి, వాళ్లని మాత్రం ఏమంటాం? సాయంత్రానికి ఊరి గొడ్లన్నీ బీడులోనే ఉన్నాయి. ఎండిన మట్టిలోంచి గడ్డి వేళ్లతో సహా లేచొచ్చింది. నాలుగు రోజుల్లో నేల కనపడింది. తర్వాత వానలు బాగానే పడ్డాయి, కాకపోతే మొలవడానికి అక్కడ ఏమీ మిగల్లేదు. పల్లేరు మొలిచింది. ఆ చలికాలం సంతకి వెళ్లిన గొడ్లు మళ్లీ రాలేదు. మేత లేని బీడు ఎందుకని మరుసటి ఏడు చుట్టుపక్కల వాళ్లు తలా కాస్తా దున్ని పత్తి వేశారు. మూడేళ్లకి బీడు లేదు.

పత్తి ఎలాగూ వచ్చేదేనని నాకు తెలిసినవాళ్లు అంటారు. చాలా ఊళ్లలో బీళ్లు అలాగే పోయాయి, మా ఊరొక్కటే ఆగేది కాదంటారు. కావచ్చు. అయినా మా ఊళ్లో అది ఏ పొద్దున మొదలైందో నాకు తెలుసు.

తాత నన్ను ఏమీ అడగలేదు. కొట్టలేదు, తిట్టలేదు. తర్వాత గట్టి వాన పడి, అత్త చేలో మేయకుండా మిగిలిన జొన్న నిలువెత్తు పెరిగి వెన్ను తీసినప్పుడు ఒకరోజు నన్ను అక్కడికి తీసుకెళ్లాడు. గట్టు మీద కూర్చోబెట్టాడు.

"మంచి వాన పడాల. ఆ తర్వాత వెంటనే విప్పకూడదు. జల్లుకి లేచిన పిలకలో నాము ఇంకా ఎక్కువ. అది పెరగాల, కణుపులు వెయ్యాల, ఇదిగో ఇట్టా వెన్ను తియ్యాల. అప్పుడు మేపొచ్చు" అన్నాడు. దగ్గాడు, చుట్ట వెలిగించాడు, ఎటో చూశాడు. నేను కదల్లేదు. చాలాసేపటికి, "ఇంతే. అయిపోయింది" అన్నాడు.

ఆ తర్వాత కూడా తాత రోజూ పొద్దున్నే వెళ్లేవాడు. బీడు పోయాక పత్తి చేలగట్ల మీద మిగిలిన గరిక పీకి నమిలేవాడు. "ఇంకా లేదు" అని తనలో తనే అనుకునేవాడు. ఆయన్ని అడిగేవాళ్లు ఎవరూ లేరు. పురుగుమందు కొట్టిన గట్ల మీది గడ్డి నోట్లో పెట్టుకోవద్దని నాయనమ్మ ఏడిస్తే చివరికి అదీ మానేశాడు. మానేసిన ఏడాదే పోయాడు. నాయనమ్మకి నిజం తెలుసు. తను పోయేదాకా ఎవరికీ చెప్పలేదు, నాతో కూడా ఎత్తలేదు.

కిందటేడు అద్దంకిలో ఒక పెళ్లిలో నా జట్టు కనపడింది. అత్త ఎప్పుడో పోయింది. ఇద్దరం తెల్లజుట్టు వాళ్లం, పక్కపక్కన కూర్చుని భోంచేశాం. నా చేతులు పట్టుకుని ఎంతో సంతోషపడింది. నా ఉద్యోగం గురించి, పిల్లల గురించి అడిగింది. తన వేళ్లు ఇంకా గరుకుగానే ఉన్నాయి. లేచేటప్పుడు అంది:

"మీ తాత దేవుడిలాంటి మనిషేనే. ఆ ఒక్క మాట దగ్గరే తప్పాడు."

నేను తలూపాను. యాభై ఏళ్లు దాటిన మనిషిని, పిల్లలకి నిజం చెప్పమని పాతికేళ్లు పాఠాలు చెప్పినదాన్ని, తలూపి పెరుగు కలుపుకున్నాను.

మొన్న ఆవును తోలి వచ్చాక, సాయంత్రం మళ్లీ కిందికి దిగి ఆ జొన్న మొక్కలన్నీ మొదలంటా పీకేశాను. వాచ్‌మన్ కూడా వచ్చి ఓ చెయ్యి వేశాడు. "మీ తాతకి భలే తెలుసమ్మా ఇవన్నీ" అన్నాడు. "తెలుసు. ఎప్పుడూ తప్పు చెప్పలేదు" అన్నాను. మా ఊరేదో తెలియనివాడికి చెప్పడం ఎంత తేలికో.

అందుకే ఇదంతా రాస్తున్నాను. ఆ రోజు మేపొచ్చని మా తాత అనలేదు. నేనన్నాను. ఇంత రాశాక తెలిసింది, ఇది చదవాల్సిన మనిషి పుస్తకాలు చదవదు. ఐదో తరగతితో ఆగిపోయింది. తనకి నోటితోనే చెప్పాలి.

అద్దంకి బస్సు మా వీధి చివరే ఆగుతుంది. నేనిది రాస్తుండగా రెండు వెళ్లాయి.